తడి చీరల గదిలో ఇంజను

నిన్న కింది షెడ్డు అన్న వచ్చి నా కత్తెర అడిగాడు. ఇచ్చాను.

ఈ మాట మా వీధిలో చెబితే ఎవరూ నమ్మరు. కత్తెర దగ్గర నేనెంత గయ్యాళినో అందరికీ తెలుసు. బట్ట కోసే కత్తెరతో కాగితం కోసినా పదును పోతుంది. గనిలో మొదటి షిఫ్టుకు పోయే తొందరలో మా ఆయన పాల ప్యాకెట్టు మూల కత్తిరించుకుంటానంటే, పళ్లతో కొరుక్కోమన్నదాన్ని. అలాంటి నా కత్తెరకు నొక్కు పడేలా చేసినవాడు ఒకే ఒక్కడు, పై షెడ్డు ముసలాయన. కిందటి వానాకాలం ఆయన కాలం చేశాడు. నొక్కు మాత్రం ఉంది. జాకెట్టు గుడ్డ కోస్తుంటే సరిగ్గా ఆ చోట దారం పట్టుకుంటుంది, నాకు ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే ఆయన గుర్తొస్తాడు. సాన పట్టించుకోరాదూ అని అందరూ అంటారు. పట్టించను.

ఆయన పేరు రాయడం లేదు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేనే చూడలేదు. నాకు కాక. బస్తీకంతా ఇంజన్ల కాక.

గోదావరిఖనిలో మా వరుసలో మూడు రేకుల షెడ్లు. పైది కాకది, కిందిది అన్నది, నడుమ నా కుట్టుమిషను. వాళ్లిద్దరిదీ ఒకటే పని. పాత ఇంజను విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ కొత్తదానిలా కూర్చి పంపడం. మొదట్లో జీపులూ ట్రాక్టర్లూ వచ్చేవి. తర్వాత ఎవరి నోట పాకిందో ఏమో, హైదరాబాదులో పాత కాలపు విదేశీ స్పోర్ట్స్ కార్లు ముచ్చటకు పెట్టుకునే సేట్ల ఇంజన్లు రావడం మొదలైంది. అక్కడ అడిగే దాంట్లో సగానికే వీళ్లు చేసిస్తారని. నడుమ ఒక బ్రోకరు ఉండేవాడు, ఆయన ముఖం నేను ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రం రోజూ వినేదాన్ని.

కారు ఎన్నడూ రాదు. ఇంజను ఒక్కటే, కట్టె పెట్టెలో గడ్డి మీద పడుకుని, లారీ ఎక్కి వస్తుంది. అయ్యాక అట్లాగే పోతుంది. అంటే కాక అన్ని స్పోర్ట్స్ కార్ల గుండెకాయలు బాగుచేశాడు గానీ, ఒక్క కారును కంటితో చూడలేదు. ఆయన ఎక్కిన బండి ఏదన్నా ఉంటే అది షేర్ ఆటో, కాదంటే మంచిర్యాల బస్సు.

అందుకని కార్లను ఆయనే ఊహించుకునేవాడు. ఇంజను విప్పగానే లోపలి మసిని వేలితో తీసి, బొటనవేలికి రుద్ది, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి రంగు చెప్పేవాడు. "ఇది పసుపుపచ్చ బండి బిడ్డా. నడిపేటోనిది మెత్తటి చెయ్యి. గేరు మార్చాలంటె భయం వానికి." అది నిజమో కాదో ఎవరికి తెలుసు? ఒకసారి బ్రోకరు ముచ్చటపడి కారు ఫోటో ఫోనుకు పంపితే, కాక ఫోను బోర్లా పెట్టేశాడు. చూస్తే తను అనుకున్న రంగు పోతుందట. నాకు నవ్వాగలేదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నాను. ఆయన కోప్పడలేదు, పిచ్చికి రంగు ఉండాలె కదా అన్నాడు.

ఇక ఆ తడి చీరల సంగతి. మా ఊళ్లో గాలిలో బొగ్గు ఉంటుంది. పొద్దున తుడిచిన కుట్టుమిషను మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఇంజను లోపలికి ఆ పొడి ఒక్క చిటికెడు పోయినా చాలు, సానరాయిలా అరగదీస్తుంది. అందుకని కాక ఇంజను విప్పే రోజున నేల మీద నీళ్లు చల్లి, చుట్టూ నాలుగు తాళ్లు కట్టి, వాటి మీద పాత నూలు చీరలు తడిపి వేలాడదీసేవాడు. గాలిలో వచ్చే పొడి ఆ తడికి అంటుకుని ఆగిపోవాలి. చీరలు మాత్రం నేనే ఇచ్చేదాన్ని, మా అమ్మవి, మా అత్తవి, నావి. బాగా ఉతికి ఉతికి పోగు రాలని చీరలే కావాలనేవాడు. కింది షెడ్డు అన్న గోనెసంచులు తడిపి కట్టేవాడు. దాన్ని చూసి కాక ముక్కు విరిచేవాడు, గోనెకు పీచు రాలుతుందని.

ఆ చీరల మధ్యలోకి పోతే బయటి లోకం మరిచిపోవాల్సిందే. రేకుల సందుల్లోంచి పడే ఎండ తడి చీరలోంచి దిగి రంగు మారుతుంది. ఒక పక్క నీలం, ఒక పక్క కుంకుమ. తడి మట్టి వాసన, ఇంజను నూనె వాసన, మా అమ్మ పెట్టెలోని చీరల వాసన, అన్నీ కలిసి ఉండేవి. నడుమ బల్ల మీద విప్పిన ఇంజను. బనీను మీద, తెల్ల గడ్డం మీద ఆ రంగులు కదులుతుంటే, కాక వేపపుల్ల ఒక కొన పంటి కింద పెట్టుకుని, రెండో కొన ఇంజనుకు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతూ వినేవాడు. చెవి కంటే పన్ను బాగా వింటుందని ఆయన నమ్మకం. చీరలు ఎండుతున్నప్పుడు నీళ్లు చిలకరించడానికి నేను పోయేదాన్ని. ఒట్టి సాకు. అక్కడ నిలబడితే నాకు హాయిగా ఉండేది, అంతే.

నేను ఆయన్ను ఆటపట్టించేదాన్ని. ఆ రోజు ఏ చీర ఎండకు అడ్డం ఉంటే ఆ రంగే చెబుతున్నావు కాకా, ఇంజనేం చెప్పడం లేదు అని. అప్పుడు మాత్రం మూతి ముడిచేవాడు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తారు. ముందు సైరను మోగుతుంది. తర్వాత నేల ఒకసారి ఒళ్లు విరుచుకుంటుంది, రేకులు గలగలమంటాయి, దూలాల మీది బొగ్గు పొడి జల్లుగా రాలుతుంది. సైరను వినగానే కాక ఇంజను మీద తడి చీర మడతలు పెట్టి కప్పేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎంత తొందర పని అయినా సరే. పేలుడు అయ్యాక, దుమ్మంతా దిగేదాకా కదిలేవాడు కాడు. ఆ కూర్చున్న సేపు ఆయన కారెక్కి తిరిగి వచ్చేవాడు. ఇప్పుడిది ఘాటు రోడ్డు ఎక్కుతున్నదనేవాడు. ఎడమ పక్క లోయ, కుడి పక్క వెదుళ్లు, ముందు సీట్లో ఇద్దరే, వెనక సీటే లేదు. నడిపేవాడికి తలపాగా కూడా పెట్టేవాడు ఒక్కోసారి. నేను బొత్తాలు కుడుతూ వినేదాన్ని. ఆయన చెబుతుంటే నాక్కూడా ముఖానికి చల్లగాలి తగిలినట్టే ఉండేది.

ఇంత కలలు కనే మనిషి కింది షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పచ్చి మిరపకాయ. ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడు పోయాయో, ఎందుకు పోయాయో వాళ్లకే గుర్తు లేదు. ఒకరికి ఒకరు చెప్పాల్సిందల్లా నాకు చెప్పేవారు. నీ పాత టైరు నా గుమ్మం ముందు పెట్టకు అనాలన్నా నా షాపులోకి వచ్చి, నన్ను చూస్తూ, గట్టిగా అనేవారు. రేకుల గోడ అవతల వాళ్లకు వినపడనే వినపడేది. అయినా నేను మళ్లీ పోయి చెప్పాలి. అదీ మర్యాద.

అన్నకు ఒక అలవాటుంది. ఇంజను రెండు ముక్కల మధ్య నూనె కారకుండా దళసరి అట్ట పెడతారు, ప్యాకింగు అంటారు దాన్ని. అన్న ఆ ప్యాకింగు కోసేటప్పుడు అంచున చిన్న చెవి వదిలేవాడు, మళ్లీ విప్పేనాడు పట్టి లాగడానికి వీలుగా. కాక సుత్తితో అంచు వెంబడి తట్టి తట్టి, ఇంజను గీతకు గీత సరిపోయేలా తీసేవాడు. చెవీ లేదు, తోకా లేదు. అన్న చేసిన ఇంజను ఎప్పుడైనా తన బల్ల మీదికి వస్తే కాక ఆ చెవి పట్టుకుని ఊపుతూ వీధంతా వినేట్టు నవ్వేవాడు, ఇంజనుకు చెవులెందుకు, మేకపిల్లనా అని. అన్న ఊరుకుంటాడా? కాక చేసిన ఇంజను విప్పినప్పుడు, ప్యాకింగు ఊడక గంట సేపు గీక్కోవాల్సి వచ్చిందని ఆయన నా దగ్గర మొత్తుకునేవాడు.

సామాన్ల దగ్గర అసలు యుద్ధం. ఆ పాత ఇంజన్లకు సామాన్లు దొరకవు. మంచిర్యాల పాత ఇనుప సామాను షాపులోనో, కాసిపేట దిక్కు ఎవరి దగ్గరో ఒకటీ అరా బయటపడితే, ఇద్దరికీ ఒకేసారి తెలిసేది. ఒకే బస్సు ఎక్కేవాళ్లు. కాక ముందు సీట్లో, అన్న వెనక సీట్లో. ఎక్కడికి అంటే ఇద్దరూ దవాఖానకే అనేవారు. గోదావరి బ్రిడ్జి దాటేదాకా ఒకరి ముఖం ఒకరు చూడరు. దిగాక మాత్రం పరుగే. అట్లా ఒకసారి కాక ఒక జత బేరింగు చిప్పలు గెలుచుకొచ్చాడు. ఇంజను నడుమ తిరిగే క్రాంకును మోసేవి అవే. నూనె కాగితం కూడా విప్పని కొత్తవి. అన్న రెట్టింపు ధర ఇస్తానని నాతో చెప్పించాడు. కాక వాటిని రేకు డబ్బాలో పెట్టి, డబ్బా తల కింద పెట్టుకున్నంత పని చేశాడు. తను చచ్చినా అవి కింది షెడ్డుకు పోవన్నాడు.

ఈ కొట్లాట బ్రోకరుకు పండగ. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అయింది. కాకకు ఫోను చేసి కింది షెడ్డాయన ఇంకా తక్కువకు చేస్తానన్నాడనేవాడు, అన్నకు చేసి ముసలాయన తగ్గించాడనేవాడు. ఇద్దరికీ మాటల్లేవు కదా, నిజమెట్లా తెలుస్తుంది? పట్టుదలకు పోయి ఇద్దరూ రేటు దించుకుంటూ పోయారు. నేను చెప్పి చూశాను. వినలేదు. చివరికి సామానుకు పెట్టిందే రాని స్థితికి వచ్చింది. అన్న ఎంత తక్కువకైనా ఒప్పుకుని ఇంజన్లన్నీ తీసుకుపోయేవాడు, రోజంతా సుత్తి చప్పుడే. కాక షెడ్డులో ఇంజన్ల కంటే ఖాళీ పెట్టెలు ఎక్కువయ్యాయి. షెడ్డు వదిలేయాల్సి వస్తుందేమోనని మొదటిసారి ఆయన నోట విన్నాను.

అప్పుడొచ్చింది ఆ ఇంజను. అన్న మంచిర్యాల పోయిన రోజు చూసి, లారీవాడు నేరుగా కాక షెడ్డులో దించాడు. కాసేపటికి బ్రోకరు ఫోను. కాక చేతులకు ఎప్పుడూ నూనే కాబట్టి ఫోను గట్టిగా వినపడేట్టు పెట్టి బల్ల మీద ఉంచేవాడు. చీరలు తడుపుతూ నేను అంతా విన్నాను. అది అన్న చేసి పంపిన ఇంజను. నెల తిరక్కుండా పట్టేసి, కదలకుండా బిగుసుకుపోయింది. సేటు మండిపడుతున్నాడు. కాక విప్పి చూసి, అది కింది షెడ్డాయన తప్పేనని ఒక్క మాట చెబితే చాలు, ఇక మీదట ఇంజన్లన్నీ పై షెడ్డుకే వస్తాయి, కాక చెప్పిందే రేటు. రేపటిలోగా చెప్పమన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది. కాక నిలబడతాడనిపించింది.

ఆయన ఇంజను విప్పాడు. ఆ రోజు ఎండకు అడ్డంగా మా అమ్మ నీలం చీర ఉంది. క్రాంకు పైకి తీసి, బేరింగు చిప్ప మీది నూనె వేలికి రాసుకుని వెలుతురులో పెట్టాడు. నల్లగా, సన్నగా తళుక్కుమంది. బొగ్గు. నాకే తెలిసిపోయింది. బ్లాస్టింగుకు ఆగకుండా, దూలం మీది పొడి రాలుతుంటే అట్లాగే కూర్చాడన్నమాట అన్న. కాక చాలాసేపు ఆ వేలినే చూశాడు. తర్వాత ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, "పాలపిట్ట రంగు బండి బిడ్డా" అన్నాడు. ఇదేం సమయం రంగులకు అని నేను విసుక్కున్నాను.

మర్నాడు బ్రోకరు ఫోను చేస్తే కాక చెప్పిన మాటలు ఇవి. "ఎయిర్ ఫిల్టరు లేకుండ నడిపిండ్రు మీరు. మట్టి మీ దగ్గర్నే లోపలికి పోయింది. షెడ్డాయన పని మంచిగనే ఉన్నది. బాగుచేసి పంపుత, నా రేటు నాకియ్యి."

అబద్ధమాడినా రేటు మాత్రం తగ్గించలేదు, అదీ కాకంటే.

నేను ఊరుకోలేదు. చేతికందిన అన్నం కాలదన్నుకున్నావు, ఎందుకు కాకా అని గట్టిగానే అడిగాను. సైరను మోగింది. ఆయన ఇంజను కప్పి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఘాటు రోడ్డు ఎక్కలేదు.

"నేను రేటు దించితె ఆడు దించిండు. ఆడు దించితె నేను దించిన. గా రేటుకు బ్లాస్టింగు ఆగేదాక ఎవడు కూసుంటడు బిడ్డా?"

నేల కదిలింది. పొడి రాలి తడి చీరల మీద నిలిచింది. అది పూర్తిగా దిగాక మళ్లీ అన్నాడు.

"నా ఇంజను లోపల ఏమున్నదో సేట్లకు తెల్వదు, నీకు తెల్వదు. మల్ల విప్పినప్పుడు చూసేది ఆడొక్కడే. ఆడు షెడ్డు బంద్ జేస్తె, నేను మంచిగ చేసినా ఒకటే, చెడగొట్టినా ఒకటే."

ఆ తర్వాత లేచి రేకు డబ్బా తెరిచాడు. నూనె కాగితం విప్పి ఆ చిప్పల్ని, చచ్చినా కింది షెడ్డుకు పోవన్నవాటిని, తీసి ఆ ఇంజనులోనే కూర్చాడు. చివర్న నా షాపులోకి వచ్చి కత్తెర అడిగాడు. ఎందుకన్నాను. ప్యాకింగుకన్నాడు. ససేమిరా అన్నాను. పోయి రేకు కత్తెరతో ప్రయత్నించాడు, రెండుసార్లు అట్ట చిరిగింది. సుత్తితో తట్టితే గుండ్రటి చెవి రాదు మరి. చూడలేక నేనే తీసుకుపోయి ఇచ్చాను. కరకరమని కోశాడు. నా ప్రాణం కరకరమన్నది. తిరిగి ఇచ్చేసరికి వాదరకు నొక్కు పడి ఉంది. ప్యాకింగు అంచు పొడుగునా కూడా ఆ నొక్కు గాట్లు పడ్డాయి. నువ్వు వెక్కిరించే మేకపిల్ల చెవే కదా ఇది అని మండిపడ్డాను.

"ఇంజను ఆనిది. చెవి ఉండాలె" అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దని ఆయన నన్ను అడగలేదు. చీరలు ఎండుతున్నాయి, నీళ్లు చల్లమన్నాడంతే. నేను చెప్పలేదు. అన్న ఆ తర్వాత కూడా నా షాపులో కూర్చుని, తను చేసిన ఆ ఇంజను హైదరాబాదులో ఇప్పటికీ పాట పాడుతున్నదని గోడ అవతలికి వినిపించేట్టు గొప్పలు చెప్పుకునేవాడు. కాక దగ్గర చప్పుడు ఉండేది కాదు. ఒకసారి మాత్రం, మంచిగ పాడుతదంట అన్నాడు నాతో. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రేటు సంగతి కూడా కాకే తేల్చాడు, అన్నతో మాట్లాడకుండానే. బ్రోకరు ఎప్పుడు అవతలాయన తక్కువకు చేస్తాడన్నా, అయితే ఆయనకే ఇయ్యి అని రేకులు అదిరేలా అరిచేవాడు. రెండు మూడుసార్లకు అన్నకు అర్థమైంది. ఆయన కూడా తన ఫోనులో, అయితే ముసలాయనకే ఇయ్యి అని అరవడం మొదలుపెట్టాడు. నడుమ నా చెవులు చిల్లులు పడ్డాయి గానీ రేటు దిగడం ఆగిపోయింది. అన్న షెడ్డులోనూ సైరను మోగగానే సుత్తి ఆగిపోవడం నేను గమనించాను. ఆ మధ్యాహ్నాలు రెండు షెడ్లూ నిశ్శబ్దంగా ఉండేవి. అటు ఒకాయన, ఇటు ఒకాయన, చేతులు ఒళ్లో పెట్టుకుని.

కిందటి వానాకాలం కాకకు జ్వరం తగిలింది. ఈసారి నిజంగానే దవాఖానకు పోయాడు. తిరిగి రాలేదు. చీరలన్నీ ఉతికి మడతపెట్టి నేను తెచ్చుకున్నాను. అన్న ఆ రోజు షెడ్డు తెరవలేదు. శవం వెంట కొంచెం దూరంగా, ఎవరితోనూ కలవకుండా నడిచాడు, బస్సులో వెనక సీట్లో కూర్చున్నట్టే.

నిన్న పొద్దున అన్న నా షాపులోకి వచ్చి, కుట్టుమిషను మీద ఒక బేరింగు చిప్పా, చెవి ఉన్న ప్యాకింగూ పెట్టాడు. ఎప్పటిలా గోడ వైపు చూసి మాట్లాడలేదు. అటువైపు వినేవాళ్లు లేరు.

నూనె కొంచెం కారుతున్నదని ఆ ఇంజను తిరిగి వచ్చిందట, ఈసారి ఆయన దగ్గరికే. తను చేసిందే అనుకుని విప్పాడు. చిప్పల్ని చూసి గుర్తుపట్టాడు. "ఇవి మంచిర్యాలల ముసలాయన గుంజుకున్నయ్ చెల్లె. నా ఇంజన్ల ఎట్లున్నయ్?"

నేను ప్యాకింగు అంచు మీద వేలు పెట్టి, గాట్లు చూపించాను. కత్తెర తెరిచి నొక్కు చూపించాను. తర్వాత అంతా చెప్పాను, బొగ్గు సంగతి, బ్రోకరు ఆశ పెట్టిన సంగతి, మంచిగ చేసినా చెడగొట్టినా ఒకటే అన్న మాట కూడా. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. చేతులకు నూనె ఉందని అంత పెద్ద మనిషి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. దీనికి ముసలాయన ఏ రంగు చెప్పాడని అడిగాడు. పాలపిట్ట రంగు అన్నాను. నేను ఎరుపనుకున్న అన్నాడు, అని మళ్లీ తనే, పాలపిట్టే అయి ఉంటది అన్నాడు.

నేను లోపలికి పోయి మా అమ్మ నీలం చీర తీసి, బకెట్టులో ముంచి, పిండి ఇచ్చాను. ఆయన తన షెడ్డులో గోనెసంచులు విప్పేసి, దాన్ని తాడు మీద వేలాడదీశాడు. ఆయన నా కత్తెర అడిగింది అప్పుడే. కొత్త ప్యాకింగు నా ముందే కూర్చుని కోశాడు. అంచు వెంబడి మెల్లగా, గీతకు గీత. ఎక్కడా చెవి వదల్లేదు.

మరిచిపోయాడేమోనని, చెవి ఏదన్నా అన్నాను.

"ఇది ముసలాయన ఇంజను చెల్లె. ముసలాయన ఇంజనుకు చెవి ఉండదు."

కత్తెర బనీనుకు తుడిచి నా చేతికిచ్చాడు. నొక్కు ఇంకొంచెం పెద్దదయింది. నేను జాకెట్టు గుడ్డ ముందుకు లాక్కుని కోయడం మొదలుపెట్టాను.